తమ్ముడిచ్చిన మూలుగ

మా పెద్దమ్మాయికి జరిగిన వైద్యం గురించి సంఘములో చాలామంది అడుగుతున్నారు. "తమ్ముడి మూలుగ తీసి అక్కకు ఎక్కించారట, నిజమేనా? పిల్లవానికి ఏమీ కాలేదా? ఆ పిల్లకు నొప్పులు పూర్తిగా పోయినాయా?" అని కూడికల దగ్గర, పెండ్లిండ్ల దగ్గర అడుగుతున్నారు. తమ ఇంట్లో కూడా అలాంటి బిడ్డ ఉన్నదని చెప్పి కన్నీళ్ళు పెట్టుకున్నవారూ ఉన్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే, మాకు తెలిసినంతవరకు పత్రికలో రాస్తే ఏ ఊరివారికైనా ఉపయోగపడుతుందని భార్యాభర్తలమిద్దరం కూర్చుని ఇది రాస్తున్నాము. మేము డాక్టర్లము కాము. భద్రాచలం అవతల ఏజెన్సీ పల్లెలో వ్యవసాయం చేసుకునేవాళ్ళము. డాక్టర్లు మాకు అర్థమయ్యేలా చెప్పినదే ఇక్కడ చెబుతాము.

మా పెద్దమ్మాయి 2008లో పుట్టింది. తొమ్మిదో నెలలో ఒకరోజు చేతులు, పాదాలు బూరెల్లా వాచిపోయినాయి. ముట్టుకుంటే చాలు, కెవ్వున ఏడ్చేది. వారం రోజులకు వాపు తగ్గింది. అది మొదలు ఏటా మూడు నాలుగు సార్లు, కొన్నేళ్ళయితే నెలనెలా ఆ నొప్పులు వచ్చేవి. వాన ముసురు పట్టినా, చన్నీళ్ళలో తడిసినా, జ్వరం తగిలినా, ఎండలో దాహంతో నడిచినా ఆ రాత్రికి మొదలయ్యేది. తొడ ఎముకల్లో, నడుములో, ఛాతీలో పట్టేది. "అమ్మా, ఎముకల లోపల ఎవరో దంచుతున్నారు" అనేది. పైకి చూస్తే గాయం లేదు, వాపు లేదు. నాలుగైదు రోజులకు లేచి మామూలుగా ఆడుకునేది. అందుకే ఎవరూ నమ్మేవారు కాదు. బడికి ఎగనామం పెట్టడానికి నాటకమని ఒక పంతులు గారు అన్నారు. గాలి సోకిందని కొందరు, చేతబడి అని కొందరు అన్నారు. తల్లిదండ్రుల పాపమేదో దాచి ఉంచారని ప్రార్థనకు వచ్చిన ఒకాయన మా ముఖం మీదనే అన్నాడు. బిడ్డ నొప్పికంటే ఆ మాట మోయడం కష్టమైన రోజులు కూడా ఉన్నాయి.

అమ్మాయి రాయడం నేర్చుకున్న తరువాత ఒక పని మొదలుపెట్టింది. పాత లెక్కల పుస్తకంలో రోజుకొక గడి గీసుకుని, నొప్పి వచ్చిన రోజున ఎర్ర పెన్నుతో చుక్క పెట్టేది. ఓర్చుకోలేనంత నొప్పి అయితే రెండు చుక్కలు. ఎవరూ చెప్పలేదు, తనే పెట్టుకుంది. ఎవరైనా నమ్మకపోతే ఆ పుస్తకం తెచ్చి చూపేది.

2014లో మా పాస్టరు గారి సలహా మీద హైదరాబాదు వెళ్ళాము. రాత్రి బస్సు తెల్లవారేసరికి ఇమ్లీబన్ బస్టాండులో దించింది. అక్కడ నుంచి మూసీ దాటితే పాతబస్తీ. అక్కడి ఒక పిల్లల ఆస్పత్రిలో రక్తం తీసి పరీక్ష చేశారు. డాక్టరమ్మ ఆ ఎర్రచుక్కల పుస్తకం తీసుకుని పేజీ తరువాత పేజీ చూసింది. "ఇంత నొప్పి భరించినావా తల్లీ" అన్నది. మా అమ్మాయి మొదటిసారి ఆస్పత్రిలో ఏడ్చింది, నొప్పికి కాదు.

జబ్బు పేరు సికిల్ సెల్, అంటే కొడవలి కణాల జబ్బు. మన రక్తంలోని ఎర్ర కణాలు గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. ఎంత సన్నని రక్తనాళంలోనైనా ఒదిగి సాగిపోతాయి. ఈ జబ్బున్నవారిలో ఎర్ర కణంలోని హిమోగ్లోబిన్ చిన్న తేడాతో తయారవుతుంది. ప్రాణవాయువు తగ్గినప్పుడు అది గడ్డకట్టిన పుల్లల్లా మారి కణాన్ని కొడవలిలా వంచేస్తుంది. పంటకాలువ తూములో ముళ్ళకంప అడ్డుపడితే అవతలి పొలానికి నీరు ఎట్లా ఆగిపోతుందో, ఈ కణాలు ఇరుక్కున్న చోట ఎముకకు రక్తం అట్లా ఆగిపోతుంది. ఆ నొప్పి అదే. మామూలు ఎర్ర కణం 120 రోజులు బతికితే ఈ కణం 10 నుంచి 20 రోజులే బతుకుతుంది. అందుకే పిల్లలు ఎప్పుడూ పాలిపోయి ఉంటారు.

ఈ జబ్బును మొదట 1910లో షికాగోలో హెరిక్ అనే డాక్టరు వర్ణించాడు. గ్రెనడా ద్వీపం నుంచి చదువుకోను వచ్చిన విద్యార్థి రక్తంలో ఆ కొడవళ్ళు కనబడ్డాయి. మన దేశంలో 1952లో నీలగిరి గిరిజనుల్లో ఇది ఉన్నట్టు తేలింది. ఆదిలాబాదు, ఖమ్మం, విశాఖ ఏజెన్సీల్లో చాలా కుటుంబాల్లో ఉంది. కొండప్రాంతాల్లో ఎందుకు ఎక్కువని అడిగితే మలేరియా వల్లనన్నారు. తల్లి దగ్గరనుంచి గాని తండ్రి దగ్గరనుంచి గాని ఒక్క వైపు నుంచే ఈ గుణం వచ్చినవారికి జబ్బుండదు, పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి కొంత కాపుదల ఉంటుంది. రెండు వైపులనుంచీ వస్తేనే జబ్బు. మా ఇద్దరిలోనూ సగం సగం ఉందని ఆనాటి పరీక్షలో తేలింది. మాలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు జబ్బుబిడ్డ, రెండు వంతులు మాలాంటి సగంవారు, ఒక వంతు ఏమీ లేని బిడ్డ పుట్టే అవకాశం ఉంటుంది. పాపం లెక్క, శాపం లెక్క ఇందులో ఎక్కడా లేదు. ఆ రోజు మా గుండెలమీద నుంచి ఒక పెద్ద రాయి దిగింది.

అప్పటినుంచి ఐదేళ్ళపాటు మూడు నెలలకొకసారి పాతబస్తీకి వెళ్ళివచ్చాము. దారుల్‌షిఫాలో ఒక ఇంటి మేడమీద చిన్న గది దొరికింది. ఇంటామె ఉస్మానియా ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన ముస్లిం పెద్దామె. పిల్లలు ఆమెను ఖాలా అని పిలిచేవారు. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడేది. అమ్మాయికి నొప్పి వస్తే గోరువెచ్చని నీళ్ళ సంచి పట్టుకుని మెట్లెక్కి వచ్చేది. ఆ వీధుల సంగతులన్నీ ఆమె చెప్పినవే. దారుల్‌షిఫా అంటే స్వస్థత ఇల్లు అట. 1595లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా అక్కడ ఆస్పత్రి కట్టించినందున ఆ పేటకు ఆ పేరు నిలిచింది. పక్కనే పురానీ హవేలీ, నిజాముల పాత నివాసం. అక్కడే నిజాం పెద్ద కోడలు దుర్రు షెహ్‌వార్ పేరుమీద పిల్లల ఆస్పత్రి ఉంది. తలసేమియా, సికిల్ సెల్ బిడ్డల తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి 1998లో స్థాపించిన సొసైటీ కూడా ఒకప్పుడు పురానీ హవేలీ దగ్గర ఛత్తా బజారులోనే ఉండేది. తరువాత శివరాంపల్లికి మారింది. మొహర్రం రోజుల్లో ఆ చుట్టుపక్కల యువకులు రక్తదాన శిబిరాలు పెడతారు. మా బిడ్డకు అవసరమైనప్పుడు ఎక్కిన రక్తం ఎవరిదో మాకు తెలియదు, ఇచ్చినవారికి మా బిడ్డ ఎవరో తెలియదు.

డాక్టరమ్మ హైడ్రాక్సీయూరియా అనే బిళ్ళ, ఫోలిక్ యాసిడ్ బిళ్ళ రాసింది. నీళ్ళు బాగా తాగించమన్నది. జ్వరం వస్తే ఒక్కరోజు కూడా ఇంట్లో ఉంచవద్దన్నది. న్యుమోనియా టీకా వేయించింది. పాలిపోయిందని మనంతట మనమే ఐరన్ బిళ్ళలు మింగించవద్దని గట్టిగా చెప్పింది. ఆ మందుతో పుస్తకంలో చుక్కలు సగానికి తగ్గాయి. చాలామంది పిల్లలకు ఆ బిళ్ళతోనే బతుకు బాగుపడుతుంది. కాని మా అమ్మాయికి పదో ఏట ఛాతీలో పట్టి ఊపిరాడక పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉండవలసి వచ్చింది. ఎడమ తుంటి ఎముకకు రక్తం అందక అది అరగడం కూడా మొదలైంది. అప్పుడు మూలుగ మార్పిడి మాట వచ్చింది.

రక్తకణాలన్నీ ఎముకల లోపలి మూలుగలో పుడతాయి. అక్కడ మూలకణాలనేవి ఉంటాయి. అవి విత్తనం వంటివి. జబ్బు మూలుగను మందులతో తీసేసి, మంచి మూలుగలోని మూలకణాలను ఎక్కిస్తే అవి నాటుకుని మంచి ఎర్ర కణాలను పుట్టిస్తాయి. కొడవలి కణాలే లేకపోతే తూము మూసుకుపోదు, నొప్పీ రాదు. ఈ వైద్యానికి బాట వేసిన అమెరికా డాక్టరు థామస్ గారికి 1990లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అమెరికాలోని మెంఫిస్‌లో రక్త క్యాన్సర్ వచ్చిన ఒక ఎనిమిదేళ్ళ పాపకు మూలుగ మార్చితే, ఆమెకు అంతకుముందే ఉన్న సికిల్ సెల్ కూడా పోయిందని 1984లో లోకానికి తెలిసింది. ఐడా స్కడ్డరు గారు 1900లో ఒక్క మంచంతో ప్రారంభించిన వెల్లూరు ఆస్పత్రిలో 1986 నుంచే మూలుగ మార్పిడులు జరుగుతున్నాయి. ఇప్పుడు హైదరాబాదులో కూడా చేస్తున్నారు.

అయితే ఎవరి మూలుగైనా పనికిరాదు. తోడబుట్టినవారిలో ఒక్కొక్కరిది కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే. మాకు ఇంకా ఇద్దరు పిల్లలు. రెండో అమ్మాయికి రక్తంలో ఏ దోషమూ లేదు. ఆమెదే సరిపోతుందని అందరం అనుకున్నాము. చిన్నవానిలో మాలాగే సగం గుణం ఉంది కాబట్టి వాడిది పనికిరాదనుకున్నాము. ఫలితం తలకిందులుగా వచ్చింది. రెండో అమ్మాయిది కలవలేదు, వాడిది పూర్తిగా కలిసింది. సగం గుణం ఉన్నవారు దాతలు కావచ్చునని, వారి మూలుగ ఎక్కిన బిడ్డ కూడా వారిలాగే నొప్పులు లేకుండా ఉంటుందని డాక్టరు చెప్పారు. ఆ రాత్రి రెండో అమ్మాయి అన్నం తినలేదు. "నేను అక్కకు ఏమీ కానా?" అని గోడవైపు తిరిగి పడుకుంది. కలవడం కలవకపోవడం మన చేతిలోది కాదని, ప్రేమను ఆ పరీక్ష కొలవదని చెప్పి చెప్పి తెల్లవారింది. ఇలాంటి పరీక్ష చేయించే తల్లిదండ్రులు, కలవని బిడ్డను కూడా దగ్గరికి తీసుకోవాలని మా మనవి.

ఇక నిర్ణయం. పూర్తిగా కలిసిన తోడబుట్టినవారి మూలుగతో చేసిన పిల్లల్లో నూటికి తొంభైమందికి పైగా బతికి బాగుంటున్నారని డాక్టరు చెప్పారు. ఆ మిగతావారి సంగతి కూడా దాచలేదు. జబ్బు మూలుగను తీసే మందులు చాలా ఘాటైనవి. జుట్టు ఊడుతుంది, నోరు పుండ్లవుతుంది, చిన్న క్రిమి కూడా ప్రాణాంతకం కావచ్చు. కొత్త కణాలు బిడ్డ శరీరాన్నే పరాయిదనుకుని దాడి చేయవచ్చు. రేపు ఆడబిడ్డకు సంతానం కలగకపోవచ్చు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, సంతకానికి తొందరలేదన్నారు.

ఆ కాగితం పట్టుకుని మేడమీద కూర్చున్నాము. ఖాలా చదివించుకుని విన్నది. తరువాత తను నర్సు చదువులో నేర్చుకున్న సంగతి ఒకటి చెప్పింది. ఆపరేషనులో నొప్పి తెలియకుండా మత్తు ఇచ్చే క్లోరోఫారం గురించి 1888లో, 1889లో ఈ హైదరాబాదులోనే రెండు కమిషన్లు కూర్చున్నాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ సహాయం చేశారు. ఇక్కడి సర్జన్ ఎడ్వర్డ్ లారీ, రోగి ఊపిరి ఒక్కటి కనిపెట్టి ఉంటే చాలు, క్లోరోఫారం గుండెకు హాని చేయదని గట్టిగా వాదించాడు. రూపాబాయి ఫర్దూన్‌జీ వంటి తొలితరం మహిళా మత్తు వైద్యురాలు తయారైంది కూడా ఆయన శిక్షణలోనే. క్లోరోఫారం ఎందరినో కోత నొప్పినుంచి కాపాడింది. కాని అది గుండె లయను తప్పించి ప్రాణం తీయగలదని 1911లో లెవీ అనే ఇంగ్లండు డాక్టరు రుజువు చేశాడు. "నొప్పి తీసే ప్రతి మందూ ఏదో ఒకటి అడుగుతుంది బేటీ. ఏమి అడుగుతుందో ముందే చెప్పిన డాక్టరును నమ్మండి" అన్నది ఖాలా.

అమ్మాయికి అప్పటికి పదకొండేళ్ళు. ఆమెకు అర్థమయ్యేలా అన్నీ చెప్పాము, పిల్లలు కలగకపోవచ్చన్న మాటతో సహా. చాలాసేపు ఆలోచించి, "నొప్పి వస్తదేమోనని భయపడకుండా ఒక్క ఏడాది బతికి చూడాలని ఉంది నాన్నా" అన్నది. చిన్నవానికి ఏడేళ్ళు. వాడిని కూడా అడగకుండా చేయదలచుకోలేదు. వాడు డాక్టరును ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "నాది అక్కకిస్తే నాకు మిగుల్తదా?" డాక్టరు గారు మా ప్రాంతంవారే. "గోదావరి ఇసుకలో చెలమ తోడినావా ఎప్పుడైనా? నీళ్ళు తోడితే మళ్ళీ ఊరతాయి కదా, ఇదీ అంతే. కొద్ది వారాల్లో మళ్ళీ ఊరుతుంది" అన్నారు. వాడు సరేనన్నాడు. ఎడ్ల జత అమ్మాము, పొలం కౌలుకిచ్చాము. మన సంఘాలవారు చందాలు వేసి పంపారు, మిగతాది దాతలు ఇచ్చారు.

2019 నవంబరులో నగరంలోని ఒక ఆస్పత్రిలో జరిగింది. పిల్లవానికి మత్తు ఇచ్చి, నడుము వెనుక తుంటి ఎముకలోకి సూది దించి మూలుగ తీశారు. కోత లేదు, కుట్లు లేవు. రెండు రోజులు నడుము పట్టేసిందన్నాడు, మూడోరోజు వరండాలో పరుగెత్తాడు. అక్కకు ఎక్కించడం ఇంకా తేలిక. రక్తం ఎక్కించినట్టే చేతి నరంగుండా చుక్కచుక్కగా పోయింది. ఏ ఎముకలోకి పోవాలో ఆ కణాలకే తెలుసునట. అసలు కష్టం ఆ తరువాతే. నోరంతా పుండై పది రోజులు గుక్కెడు నీళ్ళు మింగలేకపోయింది. జ్వరాలు వచ్చాయి. మేము అద్దం ఇవతల నిలబడేవాళ్ళము. పందొమ్మిదో రోజున తెల్లకణాల లెక్క పెరగడం మొదలైంది. తమ్ముడి విత్తనం మొలిచిందన్నారు.

తరువాత ఆస్పత్రికి దగ్గరగా ఉండాలని దారుల్‌షిఫా గదిలోనే ఉన్నాము. అమ్మాయి మూతికి మాస్కు కట్టుకుని, ఎవరినీ దగ్గరికి రానీయకుండా గడిపింది. అంతలో 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చింది. చార్మినారు వైపు దుకాణాలన్నీ మూతబడి, వీధివీధంతా మాస్కు కట్టుకుంది. "ఇప్పుడు అందరూ నాలాగే" అని కిటికీలోంచి చూసి నవ్వేది. ఆ రోజుల్లో బియ్యం, పాలు గడప దగ్గర పెట్టి తలుపు తట్టి వెళ్ళినవారు మా మతంవారు కారు, మా భాషవారు కారు.

ఇప్పటికి ఆరో ఏడు దాటింది. మార్పిడి తరువాత ఆ నొప్పులు మళ్ళీ రాలేదు. అమ్మాయి రక్తం గ్రూపు అంతకుముందు బి, ఇప్పుడు తమ్ముడిలాగే ఓ. వానలో తడిసింది, ఏమీ కాలేదు. కాని అన్నీ పోయాయని చెప్పము. అంతకుముందే అరిగిన ఎడమ తుంటి అలాగే ఉంది. చలికాలంలో సలుపుతుంది, కొంచెం కుంటుతుంది. సంతానం సంగతి ముందు ముందు తెలుస్తుంది. కొత్త కణాలు కొత్త నొప్పిని ఆపుతాయిగాని, పాత నష్టాన్ని పూడ్చలేవు. అందుకే మార్పిడి అవసరమైన బిడ్డకు అవయవాలు పాడుకాకముందే ఆ మాట డాక్టరుతో ఎత్తడం మంచిది.

తోబుట్టువుల మూలుగ కలవని పిల్లలకు దారేమిటని అడిగేవారున్నారు. బిడ్డ మూలకణాలనే బయటికి తీసి, వాటి జన్యువును సరిచేసి, తిరిగి ఎక్కించే వైద్యానికి 2023లో బ్రిటను, అమెరికా అనుమతినిచ్చాయి. అమెరికాలో దాని ధర మన లెక్కలో 18 కోట్ల రూపాయలకు పైమాటే. అది మన పల్లెకు రావడానికి ఇంకా కాలం పడుతుంది. అంతవరకు ఆ బిళ్ళ, ఆ జాగ్రత్తలే దిక్కు. అవి చిన్నవి కావు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మా సంగతి విని, మోకాళ్ళ నొప్పికి, నడుము నొప్పికి కూడా మూలకణాల సూది వేయించుకోవచ్చా అని పెద్దలు అడుగుతున్నారు. కణాలు ఎక్కించి నొప్పి తగ్గించాలనే ప్రయత్నాలు ఇంకా ఉన్నాయి. 1990 దశకంలో అమెరికా, ఫ్రాన్సు డాక్టర్లు, అడ్రినల్ గ్రంథి కణాలు నొప్పిని తగ్గించే పదార్థాలను తయారు చేస్తాయి గనుక, వాటిని క్యాన్సర్ రోగుల వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో ఉంచి చూశారు. మొదట కొందరికి ఉపశమనం కనిపించింది. ఎక్కువమందిలో పోల్చి చూసినప్పుడు ఆ ఆశ నిలబడలేదు. మన దేశంలో కూడా 2017 నాటి నియమాల ప్రకారం రక్తసంబంధమైన జబ్బులు వంటి కొన్నింటికి మాత్రమే మూలకణాల మార్పిడి ఒప్పుకున్న వైద్యం. మిగతావన్నీ పరిశోధనగా జరగవలసినవే, పరిశోధనకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. కాబట్టి గోడమీద ప్రకటన చూసి పొలం అమ్ముకోవద్దు.

చివరిగా సంఘాలవారు చేయదగిన పనులు మూడున్నాయి. మొదటిది, పెండ్లి మాటలకు ముందు, ముఖ్యంగా మేనరికాల్లో, పిల్లకూ పిల్లవానికీ సికిల్ సెల్ పరీక్ష చేయించండి. ఈ జబ్బు కోసం కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న ఒక జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష గురించి అడగండి. సగం గుణం ఉన్నవారు రోగులు కారు, వారిని చిన్నచూపు చూడకండి. రెండవది, ఆరోగ్యంగా ఉన్నవారు ఏడాదికి ఒకసారైనా రక్తం ఇవ్వండి. మూడవది అన్నిటికంటే తేలికైనది, అయినా తక్కువమంది చేసేది. నొప్పి అని చెప్పిన బిడ్డను నమ్మండి. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు ఏమీ అనకుండా ఆయనతో నేలమీద కూర్చున్నారు. అప్పటివరకు వాళ్ళు మంచి స్నేహితులే. నోరు తెరిచి కారణాలు వెదకడం మొదలుపెట్టాకే ఆయనకు భారమయ్యారు. తమ్ముడి మూలుగ అందరికీ దొరకదు. మంచం పక్కన కూర్చుని, గోరువెచ్చని నీళ్ళ సంచి పట్టుకునే మనిషి మాత్రం ఏ ఊళ్ళోనైనా దొరకాలి.